గజరాజు ఆఖరి స్టాపు

పొద్దున్నే గోదావరిఖని చౌరస్తాలో గులాం అలీ తన గజరాజు బండి అద్దాలు తుడుచుకుంటాడు. ఒక చాయ్ తాగుతాడు. నైట్ షిఫ్టు దిగిన కార్మికులు ఎక్కగానే మీట నొక్కి బయల్దేరతాడు. చౌరస్తాలో అది కొత్త మోడల్: ఏసీ, పాటల తెర, చప్పుడు లేకుండా పడే తలుపులు. చల్లగాలి కావలసినవాళ్లు గని మట్టిగుట్ట రాకముందే కడుపునిండా పీల్చుకోవాలని ఆ రూటులో అందరికీ తెలుసు.

మట్టిగుట్ట దాటగానే గజరాజు దాని అన్నగారైన పాత మోడల్ రూపులోకి మారిపోతుంది. చదరపు లైట్లు, క్యాసెట్ల పెట్టె. నడుములు నొస్తున్నాయని పట్నంవాళ్లు మొత్తుకుంటే కంపెనీ చక్రాల మీద మెత్తటి స్ప్రింగు కమాన్లు వేసింది ఆ మోడల్‌కే. వాగు దాటితే ఇంకా పాతది: రేకు కప్పు, వెనక ఎదురెదురు బల్లలు. ఇంటిల్లిపాదీ ఒక్క బండిలో పెళ్లికి పోయే కాలంలో అలా పొడుగు సాగింది. చివరికి ఎర్రకుంటపల్లెలో, సరిగ్గా ముసలి ఐలవ్వ ఇంటి గడప ముందు ఆగేసరికి అది మొట్టమొదటి గజరాజు. గుడ్డ టాపు, బానెట్ మీద స్టెప్నీ, ముందు నిలబడి తిప్పే హ్యాండిలు. దారి లేని అడవిలో దారి చేసుకుపోయిన బండి. సుఖం పెరిగిన కొద్దీ దాని పౌరుషం తగ్గిందని గులాం అలీ అంటాడు. రోజూ ఆ బండెక్కే నేనూ కాదనలేను.

ఆ మొదటి బండి స్టీరింగుకు ఆకుపచ్చ గుడ్డ చుట్టి ఉంటుంది. చుట్టింది గులాం అలీ తండ్రి. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఆ గుడ్డ ఆయన చెమటతో తడిగానే ఉంటుంది. రోజూ ముట్టుకునేదే అయినా, రోజూ గులాం అలీ ఒళ్లు జలదరిస్తుంది.

ఓపెన్‌కాస్టు బొగ్గు గని పెరిగి పెరిగి ఎర్రకుంటపల్లె మీదికి వచ్చింది. ఊరంతా కొత్త కాలనీకి పోయింది. పోయినవాళ్లు తలుపులు, దూలాలు పీక్కుపోయారు గానీ, గడప కదిలిస్తే ఇంటి ప్రాణం పోతుందని అది మాత్రం వదిలేశారు. ఐలవ్వ ఒక్కతే కదలలేదు. కొడుకు కిషన్ బతిమాలి బతిమాలి అలసిపోయి, తెల్లారితే మిషన్లు వస్తాయనగా గులాం అలీని పంపాడు.

"పా అవ్వా, పొద్దుగూకవట్టె" అన్నాడు గులాం అలీ.

ఐలవ్వ గడప మీద కూచొని బండినే చూస్తోంది. "గీ బండి నా గడప కాడికొస్తెనే మీ నాయిన బండైతది. రేపటికెళ్లి మీ నాయిన యాడ దిగుతడు బిడ్డా?"

నచ్చచెప్పడానికి వచ్చినవాడు కాస్తా ఆమె పక్కనే కూలబడ్డాడు. ఐలవ్వ చెయ్యి గడప మీది పసుపును నిమురుతూనే ఉంది. ఆ చేతినే చూసి చూసి, లేచి గడ్డపార అడిగాడు. ఐలవ్వ మూలనున్నది తెచ్చిచ్చింది.

పెకిలించిన గడపను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెనక సీటులో పెట్టి, పక్కనే ఐలవ్వను కూచోబెట్టి, హ్యాండిలు తిప్పాడు. వాగు వచ్చింది. బండి మారలేదు. మట్టిగుట్ట వచ్చింది. మారలేదు. మొట్టమొదటి గజరాజు, గుడ్డ టాపు రెపరెపలాడుతూ, గోదావరిఖని చౌరస్తాలోకి వచ్చింది. బండి మారడం అక్కడ ఎవరికీ వింత కాదు, మారకపోవడమే వింత. చాయ్ గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి. రిటైరైన గని కార్మికుడు సదయ్య లేచి నిలబడి, రథానికి పెట్టినట్టు దండం పెట్టాడు.

కాలనీలో కిషన్ ఇంటి ముందు గడప దించారు. దించిన మరుక్షణం బండి కొత్త మోడలై ఏసీ కొట్టసాగింది. అంతా అయిపోయిందని గులాం అలీ గుండె చెరువైంది. బండి తిప్పుకొని వెళ్లిపోయాడు.

తెల్లారి మేస్త్రీ గడపను గుమ్మానికి కూర్చాడు. ఐలవ్వ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, లోపలికి అడుగు పెట్టింది.

సాయంత్రం గులాం అలీ కాలనీకి జనాన్ని తెచ్చాడు. సందు మలుపు దాకా చల్లగాలి వీస్తూనే ఉంది. ఐలవ్వ ఇంటి ముందు బ్రేకు తొక్కాడు. స్టీరింగు మీది అరచేతికి చెమ్మ తగిలింది. కిందికి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. గుడ్డ టాపు మీద మాత్రం గాలి చప్పుడు వినబడుతోంది.

గడప మీద కూచున్న ఐలవ్వ తలెత్తింది.

"దిగిండా మీ నాయిన?"

"దిగిండు అవ్వా."