మంద తొక్కిన గుంట

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, బేస్తవారిపేట దగ్గర గోవిందయ్య, సుబ్బులమ్మ తమ పొలం చెక్కలో చేపపిల్లల కోసం గుంట తవ్వుకున్నారు. కంభం చెరువులో వల వేసి బతికే మొగుడూ పెళ్లాలు వాళ్లు. గోరంత పిల్లల్ని నేరుగా చెరువులో వదిలితే పెద్ద చేపలు మింగేస్తున్నాయి. వేలెడంత అయ్యేదాకా గుంటలో సాకి వదిలితే బతుకుతాయని గోవిందయ్య ఆశ.

అడుగున బంకమట్టి పరిచి, తడిపి, గట్టిగా తొక్కిస్తే నీళ్లు ఇంకవు. ఆ పనికి కాటమరాజు అనే గొర్రెల కాపరి తన మందను తోలుకొచ్చాడు. గొర్రెలు గుంటలో సుళ్లు తిరుగుతుంటే, సుబ్బులమ్మ చీర ఎగ్గట్టి వాటి వెనక నడుస్తోంది.

ఉన్నట్టుండి మూలన ఒక చూలు గొర్రె నడుము దాకా దిగబడింది. లాగుదామని సుబ్బులమ్మ రెండడుగులు వేసింది. రెండో అడుగుకు నేల తగల్లేదు.

క్షణంలో బురద ఆమె నడుము దాటింది. దిగబడటం ఆమెకు కొత్త కాదు, చెరువులో ఎన్నోసార్లు దిగబడింది. అక్కడ కింద గట్టిది ఏదో ఒకటి తగిలేది. ఇక్కడ ఏమీ లేదు. పాదాల కింద చల్లగా, వదులుగా ఉంది.

"కాళ్ల కింద నేల లేదయ్యా," అంది మెల్లగా. అరిస్తే ఆ కదలికకే ఇంకా దిగిపోతానని భయం.

గోవిందయ్య పార పడేసి దూకబోయాడు.

"రావాకు. నువ్వు గూడ పోతావు."

బెదిరిన మంద ఆమె వైపే మళ్లింది. డెక్కల అదురుకు బురద రొమ్ముల దాకా వచ్చింది. కాటమరాజు వింతగా కూత పెడుతూ మందను తోలుకుని గట్టెక్కి కనపడకుండా పోయాడు. అతను పారిపోయాడనుకుంది సుబ్బులమ్మ. పక్కన గొర్రె అరుపు ఆగిపోయింది. అది ఉన్నచోట బుడగలు లేస్తున్నాయి. ఆమె అటు చూడలేక కళ్లు మూసుకుంది.

"అక్కా, కాళ్లు ఆడియ్యాకు. నీళ్లలో ఎల్లకిల పండుకున్నట్ల ఎనక్కి వాలు."

కాటమరాజు తిరిగొచ్చాడు. మందకు దొడ్డి కట్టే వెదురు తడికలు బురద మీద పరిచి, వాటిపై బోర్లా పడుకుని పాకుతూ వచ్చాడు. ఆమె చంకల కింద మోకు దూర్చాడు. గట్టు మీద నుంచి గోవిందయ్య లాగాడు. బురద ఆమెను వదలడానికి చాలాసేపు పట్టింది.

గట్టు మీద పళ్లు టకటకలాడుతుంటే ఆమె అన్న మొదటి మాట, "నీ గొర్రె పాయె తమ్ముడా."

"నువ్వు మిగిలినావు గదక్కా," అన్నాడు కాటమరాజు.

పక్క చేలోంచి పరుగెత్తుకొచ్చిన ముసలి సావిత్రమ్మ గుంటను చూసి గుండెలు పట్టుకుంది. "మా అత్త కాలంలో ఈడ బాయి ఉండెనంట. కరువులో ఎండిపోతే చెత్తా చెదారం ఏసి పూడ్సినారంట. ఏ మూలనో నాకు తెలీకపాయె."

గుంట మొత్తం పూడ్చేస్తానన్నాడు గోవిందయ్య. సుబ్బులమ్మ ఒప్పుకోలేదు. "ఆ బాయిని పూడ్సు. ఈ గుంటనెందుకు?"

బావిని రాళ్లతో నింపి, ఆ మూల గుంటకు బయట ఉండేలా కట్ట జరిపారు. మళ్లీ మంద వచ్చి తొక్కింది. ఈసారి సుబ్బులమ్మ దిగలేదు. గొర్రె ఏది తడబడినా ఆమె ఊపిరి ఆగిపోయేది.

చేపపిల్లల కుండలు వచ్చిన రోజు మాత్రం తనే వదులుతానంది. నడుముకు మోకు కట్టించుకుని, కొస గోవిందయ్య చేతికిచ్చి దిగింది. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. అయినా అడుగడుగుకీ అడిగింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

కుండ మూతి నీళ్లలోకి వంచింది. పిల్లలు దారపు ముక్కల్లా బయటికి జారాయి. ఒకటి కాలిని తాకగానే ఆమె కొయ్యబారిపోయింది.

"ఏందే?"

"ఏం లేదు. చేప." కాసేపటికి మళ్లీ అడిగింది. "పట్టుకున్నావు గదా?"