ఒంటిగంట విమానానికి ఎనిమిదిన్నరకే

శ్రీరామమూర్తి తన పెళ్లికి తానే ముహూర్తం దాటాక చేరిన మనిషి. బస్సు తుని దగ్గర చెడిపోయింది. పెళ్లికూతురు వసుంధర నలభై నిమిషాలు పీటల మీద ఒక్కతే కూర్చుంది. పురోహితుడు పంచాంగం తిరగేసి ఇంకో లగ్నం వెతికాడు కాబట్టి సరిపోయింది. ఇది జరిగి ముప్పై ఏళ్లయినా, ప్రయాణమంటే ఆయనకు వారం ముందు నుంచే అన్నం సయించదు.

ఈసారి విశాఖపట్నంలో మేనకోడలి నిశ్చితార్థం. విమానం మధ్యాహ్నం ఒంటిగంటకు. అత్తాపూర్‌లో వాళ్ల ఇంటి నుంచి విమానాశ్రయం అరగంట దారి. అయినా ఉదయం ఎనిమిదిన్నరకే భార్యను కారెక్కించాడు. నడిపేది రాములు. వీళ్లు ఎక్కడికి వెళ్లినా అతని కారే.

కంగారు తగ్గుతుందని ఆఫీసులో ఎవరో చెబితే శ్రీరామమూర్తి ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాడు. "గాలి లోపలికి పీల్చండి. అలాగే పట్టి ఉంచండి," అంది ఒక తీయని గొంతు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. ఇక వదలమని చెప్పేవాళ్లు లేరు. ఆయన పట్టే ఉంచాడు. ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

వసుంధర ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. "వదలండి! దానికీ ఆవిడ చెప్పాలా?"

"మధ్యలో వదిలితే పని చెయ్యదేమోనని..." అన్నాడు ఆయన దగ్గుతూ.

రాములు అద్దంలోంచి ఇదంతా చూశాడు. "సార్, ఇంక నాలుగు గంటలున్నది. గంత ముందుగాల పోయి ఏం జేస్తరు? మా కొత్వాల్‌గూడ గీ పక్కనే. ఇంట్ల జర చాయ్ తాగి పోదాం."

"వద్దు వద్దు," అన్నాడు శ్రీరామమూర్తి.

"పద రాములూ," అంది వసుంధర.

రాములు తల్లి పోచమ్మ వాకిట్లో చాప వేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. పక్కన గంపెడు కాయలున్నాయి. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి మళ్లీ కూర్చుంది. శ్రీరామమూర్తి కుర్చీ అంచున కూర్చుని గడియారం, ఆకాశం, టికెట్టు, మళ్లీ గడియారం చూసుకుంటున్నాడు. పైన విమానం మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. పోచమ్మ తలైనా ఎత్తడం లేదు.

"అంత పెద్దది నెత్తి మీంచి పోతుంటే భయం వెయ్యదామ్మా?" అని అడిగాడు.

"దాని తొవ్వ దానికెరుక బిడ్డా. మనం జూస్తే ఆగుతదా, జూడకుంటే పడ్తదా?" అని ఆమె ఒక చాట ఆయన ఒళ్లో పెట్టింది. "ఊకె కూసుంటే పరేషాన్ ఎక్కువైతది. జర గివి ఒల్వరాదు."

ఆయన మొహమాటానికి ఒక కాయ తీశాడు. గింజ ఎగిరి చాయ్ కప్పులో పడింది. రెండోది చొక్కా జేబులోకి పోయింది. పోచమ్మ కడుపు పట్టుకుని నవ్వి, కాయ మొదట్లో ఎక్కడ నొక్కాలో చూపించింది. పదో కాయకు పని పట్టుబడింది. యాభయ్యో కాయకు ఆయన కుర్చీ దిగి చాప మీదికి వచ్చాడు. పోచమ్మ పెట్టిన జొన్నరొట్టె రెండు తిన్నాడు. వారం రోజుల్లో కడుపు నిండా తినడం అదే మొదటిసారి.

వసుంధర ఆ రొట్టెల దగ్గరే పోచమ్మతో కబుర్లలో పడింది. రాములు కారులో నిద్రపోయాడు. ఎవరో ఫోన్ చేస్తే వసుంధర టైము చూసింది. పదకొండూ యాభై!

"ఏమండీ! లేవండి!"

"ఉండు, ఇంకొక్క గుప్పెడు," అన్నాడు శ్రీరామమూర్తి. "పుచ్చులు ఏరకుండా ఎలా వదిలేస్తాం?"

ముప్పై ఏళ్ల కాపురంలో వసుంధర కంగారుపడడం అదే మొదలు. చాట లాగేసి, మొగుణ్ణి కారులోకి తోసి, రాములు భుజం కుదిపింది. దారి పొడవునా ముందు సీటు పట్టుకుని ఊగుతూనే ఉంది. "కాస్త తొందరగా పోనీ నాయనా!"

"అమ్మా, మీరు గిట్ల జేస్తే నాకు పరేషాన్ అయితది," అన్నాడు రాములు. "సారును జూడున్రి, ఎంత నిమ్మలంగున్నడో!"

సారు గోళ్లలో ఇరుక్కున్న తొక్క తీసుకుంటున్నాడు.

తనిఖీలో వసుంధర గాజులకు యంత్రం మూడుసార్లు కూతపెట్టింది. చివరికి గేటు మూస్తారనగా ఇద్దరూ పరుగెత్తి ఎక్కారు. శ్రీరామమూర్తి బెల్టు పెట్టుకున్నాడు. విమానం కదలకముందే నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

విశాఖలో చక్రాలు నేలను తాకిన కుదుపుకు కళ్లు విప్పాడు. "అరె, వచ్చేశామా? హాయిగా సాగింది కదూ?"

వసుంధర రెండు చేతులూ ఇంకా సీటు పిడులనే బిగించి పట్టుకుని ఉన్నాయి.

"సాగదూ మరి!" అంది. "గంటసేపు దీన్ని కిందపడకుండా నేనొక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను."