బ్యాడ్జీ మీద లేని పేరు

విజయనగరంలో డాక్టర్ల భార్యలకు ఒక సంఘం ఉంది. నెలకొక ఆదివారం ఒక హోటల్ హాలులో సమావేశమవుతారు. ఆ గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే మీకు ఇలాంటి పలకరింపులు వినిపిస్తాయి: "రండి రండి, ఎముకల మేడం!" "కళ్ళ మేడం ఇంకా రాలేదేటి?" "స్కిన్ మేడం సీర సూడండి, ఎంత బావుందో!" కంగారు పడకండి, అక్కడ రోగులెవరూ లేరు. భర్త ఏ వైద్యం చేస్తే భార్యకు ఆ పేరు, అంతే. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట వెనక ఎంత సిగ్గుచేటు దాగి ఉందో చెప్పడానికే ఈ కథ.

ప్రతి సభ్యురాలి పమిటకూ ఒక బ్యాడ్జీ ఉంటుంది. దాని మీద ఉండేది మొగుడి పేరు. కుర్చీలకూ ఒక పద్ధతి ఉంది. సొంత నర్సింగ్ హోం ఉన్న డాక్టర్ల భార్యలు ముందు వరుసలోనూ, సర్కారు కొలువు డాక్టర్ల భార్యలు వెనక వరుసలోనూ కూర్చుంటారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తప్పనూ లేదు.

అధ్యక్షురాలు రాజకుమారి, ఎముకల డాక్టరు జగన్నాధం గారి భార్య. మంచి మనిషే. ఏ పనైనా నెత్తినేసుకుని చేసుకుపోతుంది. ఆమె దిగులల్లా ఒక్కటే. కొత్తగా చేరినవాళ్ళు రెండు మూడు సమావేశాలకు వచ్చి మాయమైపోతున్నారు. ఈ ఏడాది సభ్యులు పెరగకపోతే మీ శాఖను ఎత్తేసి విశాఖపట్నంలో కలిపేస్తామని రాష్ట్ర సంఘం నుంచి కబురొచ్చింది. తను పెంచిన సంఘం తన చేతుల్లోనే మూతపడటమా? రాజకుమారి కారేసుకుని బొబ్బిలి, శృంగవరపుకోట, సాలూరుల్లో డాక్టర్ల ఇళ్ళన్నీ తిరిగింది.

సాలూరులో లారీ షెడ్ల వెనక సందులో, సర్కారు ఆసుపత్రిలో పనిచేసే ఫిన్నీ అనే పిల్లల డాక్టరు ఇల్లుంది. ఆయన భార్య పాతికేళ్ళ అమ్మాయి. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుందట.

"డాక్టరు గారు సొంత ఆసుపత్రి ఎప్పుడెడతారమ్మా?" అని అడిగింది రాజకుమారి.

"ఇంకా అనుకోలేదండి" అంటూ ఆ అమ్మాయి టీ అందించి, నవ్వుతూ ఇంకేదో చెప్పింది. రాజకుమారి అప్పుడు గోడ మీద డాక్టరు గారి పట్టా ఫొటో చూస్తోంది. "ఆఁ, ఆఁ" అంది. అలా సంఘంలోకి మరో సభ్యురాలు వచ్చింది. ప్రస్తుతానికి మనం కూడా ఆమెను సాలూరు అమ్మాయి అనే అందాం.

సాలూరు అమ్మాయి మాయమవలేదు. ప్రతి సమావేశానికీ బస్సులో వచ్చి వెనక వరుసలో కూర్చునేది. కుర్చీలు సర్దడం, భోజనాలు వడ్డించడం ఆమె వంతు. ఫొటోల వేళకు ఎవరూ పిలిచేవారు కాదు.

ఆ నెల శృంగవరపుకోట దగ్గర కొండ దిగువ పల్లెలో ఆడవాళ్ళకు రక్తహీనత పరీక్షల శిబిరం తలపెట్టారు. ఏర్పాట్లు మాట్లాడుకుంటుంటే సాలూరు అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, ముందు మనమందరం పరీక్ష సేయించుకుందామండీ. మనం సేయించుకున్నామంటే ఆళ్ళకి బయం పోద్ది."

"డాక్టర్ల ఇళ్ళల్లో రక్తం తక్కువేటమ్మా, ఇడ్డూరం కాపోతే!" అంది ముందు వరుసలోని స్కిన్ మేడం. హాలంతా నవ్వింది. రాజకుమారీ నవ్వింది. సాలూరు అమ్మాయి కూర్చుండిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వైద్యుడి ఇంట్లో ఇల్లాలి నీరసం ఎవరి కంటికీ ఆనకపోవడమూ అలాంటిదే.

శిబిరం నాడు ముందు వరుసవాళ్ళు బ్యానరు కింద నిలబడ్డారు. సాలూరు అమ్మాయి ఎండలో గుమ్మం గుమ్మానికీ తిరిగి, "రండి పిన్నీ, సూదంటే సీమ కుట్టినట్టే" అంటూ ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. మధ్యాహ్నానికి మంచినీళ్ళ డబ్బా ఎత్తబోయి, ఎత్తినచోటే కుప్పకూలిపోయింది.

రాజకుమారే ఆమెను అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు దుర్గ అడిగింది.

"పేరు సెప్పండమ్మా."

"డాక్టర్ ఫిన్నీ గారి మిసెస్."

"అది ఆయన పేరు. ఈవిడ పేరేటి?"

రాజకుమారి సంచీ కోసం చుట్టూ చూసింది. ఆ అమ్మాయి సంచీ, ఫోనూ శిబిరంలోనే ఉండిపోయాయి. డాక్టరు ఫిన్నీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. శిబిరానికి ఫోన్ చేస్తే, "పిల్లల మేడం కదండీ? పేరంటే... బ్యాడ్జీ సూడండి" అంది స్కిన్ మేడం. రాజకుమారి స్పృహలేని ఆ మనిషి పమిట మీదికి వంగి చూసింది. శ్రీమతి డాక్టర్ ఫిన్నీ.

"మీరీవిడకి ఏటవుతారు?" అంది దుర్గ.

"మా సంఘం సభ్యురాలు. నేను... ప్రెసిడెంటుని."

దుర్గ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుని, 'పేరు తెలియని స్త్రీ' అని రాసింది. అలా రాస్తే పోలీసులకు కబురు చెయ్యాలి. కాసేపటికి కానిస్టేబులు వచ్చాడు.

"ఎక్కడ దొరికిందమ్మా ఈ మనిషి?"

రాజకుమారికి భూమి చీలితే బాగుండుననిపించింది. ఎక్కడ దొరికిందని చెబుతుంది? వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ టీ తాగి, తనే పిలుచుకొచ్చింది. సంఖ్య కోసం పిలుచుకొచ్చింది.

ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదన్నారు. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచింది. రాజకుమారి మంచం పక్కన వంగి, దొంగలా గొంతు తగ్గించి అడిగింది.

"నీ పేరేటమ్మా?"

"షీబా అండి" అంది ఆమె. తర్వాత, ఏ నిష్ఠూరమూ లేకుండా, "మీరు మా ఇంటికొచ్చిన రోజే సెప్పాను కదండీ" అంది.

రాజకుమారి ఆ చూపు తప్పించుకోవడానికి దుప్పటి సర్దింది. "ఇంత నీరసంగా ఉంటే ఒక్క మాట సెప్పలేదేటమ్మా?"

"సెప్పానండి. ముందు మనం సేయించుకుందామని. అందరూ నవ్వారు."

మరుసటి నెల సమావేశానికి షీబా రాలేదు. మళ్ళీ వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. రాజకుమారి పరీక్ష చేసే మనిషిని వెంటబెట్టుకొచ్చి, ముందుగా తన వేలే చాచింది. ముందు వరుసలోనూ రక్తం చాలనివాళ్ళు తేలారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆమె ఆసుపత్రిలో జరిగిందంతా, కానిస్టేబులు అడిగిన మాటతో సహా, దాచకుండా చెప్పింది.

"ఇప్పుడు మీ పక్కనున్న ఆవిడ పేరు సెప్పండి. ఆయన పేరు కాదు, ఆవిడ పేరు."

ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక బల్లల వైపు చూశారు. చివరికి స్కిన్ మేడం పక్కకు తిరిగి, "నా పేరు దేవి. మీ పేరేటండీ?" అంది చిన్నగా.

రాజకుమారి తన బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టింది. వెనక వరుసకు నడిచి, షీబా కూర్చునే కుర్చీ పక్కన నిలబడింది.

"కొత్తవాళ్ళు ఎందుకు నిలవడం లేదని నేను ఊరూరూ తిరిగి అడిగాను. అడగాల్సింది ఇక్కడ. పేరు కూడా అడగని చోట ఏ మనిషి నిలుస్తాది? ఆళ్ళని మనం సంఘంలో సేర్చుకున్నామమ్మా, మనలో సేర్చుకోలేదు."