గోడలు తడిపిన నీళ్ళు

"ఆరోగ్యం, నీ రాత ముత్యాల్లా ఉంటుంది" అన్నాడు మా ఆయన ఇన్నయ్య. నేను పప్పు రుబ్బుతున్నాను. ఈయన పొగిడాడంటే పని తగిలించబోతున్నట్టే, అది నాకు అలవాటే. కానీ ఈసారి చేతిలో మల్లెపూల పొట్లం కూడా ఉంది. పదకొండేళ్ళ కాపురంలో పూలు తేవడం ఇది రెండోసారి. మొదటిసారి తెచ్చింది నేను ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు.

లింగంపల్లి దగ్గర మా చిన్న గుడి కట్టి ఆరేళ్ళయింది. ఆదివారం బిషప్పుగారు వస్తున్నారు. కట్టించిన సహోదర సంఘానికి ఈయన కార్యదర్శి కాబట్టి గుడి చరిత్ర ఈయనే చదవాలి. సాపు ప్రతి నేను రాయాలి. "నాలుగో పేజీ కాస్త కలగాపులగంగా ఉంటుంది. ఆలోచించకుండా ఉన్నదున్నట్టు రాసెయ్" అన్నాడు. తప్పులు నేను దిద్దుతానని తెలిసే ఎప్పుడూ ఇస్తాడు, రాశాక తిరిగి చూడను కూడా చూడడు. ఉన్నదున్నట్టు రాయమన్నది ఇదే మొదలు. అనుమానం అక్కడే పట్టుకుంది.

మొదటి పేజీలో పన్నెండుమంది సహోదరుల పేర్లు. తర్వాత రెండు పేజీలూ వాళ్ళు చెమటోడ్చి స్వహస్తాలతో గోడలు లేపిన వైనం. నవ్వొచ్చింది నాకు. పన్నెండుమందీ ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతే, నడి వేసవిలో ఆ సిమెంటు గోడల్ని తడిపిందెవరు? పూటపూటా తడపకపోతే గోడ బీటలిస్తుంది. బావి నుంచి బిందెలు మోసింది కూలికొచ్చిన పోచమ్మా, నేనూ. ఆమెది కూలి, నాది సేవ. అప్పుడు నాకు అయిదో నెల.

"గిట్ల మోస్తె కడుపు నిలుస్తదా అమ్మా, జర కూసో" అని పోచమ్మ బిందె లాక్కునేది. ఇంట్లో చెబితే, "కార్యదర్శి పెళ్ళామే మోయకపోతే సంఘంలో నా తల ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు ఈయన. "దేవుడి పనికి కడుపు అడ్డమా?" అంది అత్తగారు. నీళ్ళు మోయడం మొదలుపెట్టిన మూడో వారంలో బావి మెట్ల మీద బిందెతో సహా జారిపడ్డాను. కడుపు పోయింది. ఆడబిడ్డ అని నర్సు చెప్పింది. "జ్ఞానస్నానం లేని బిడ్డకి పేరేంటి, సమాధేంటి" అంది అత్తగారు. ఎక్కడ పూడ్చాడో ఈయన ఈనాటికీ చెప్పలేదు. అడిగినప్పుడల్లా దైవచిత్తం అంటాడు.

నాలుగో పేజీ తిప్పాను. "దైవకృప వల్ల ఈ నిర్మాణంలో ఏ ప్రాణనష్టమూ జరగలేదు."

కలగాపులగం ఏమీ లేదు. ఆ వాక్యాన్ని మాత్రం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. మర్చిపోయి రాయలేదన్నమాట. గుర్తు పెట్టుకునే రాశాడు. ఒళ్ళు మండిపోయింది. పూలు ఎందుకొచ్చాయో కూడా అర్థమైంది.

కలంలో సిరా నింపుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాశాను. "ఈ నిర్మాణంలో ఒక ప్రాణం పోయింది. అయిదు నెలల ఆడబిడ్డ. గోడలు తడిపే నీళ్ళు మోస్తుండగా. తల్లి ఆరోగ్యమ్మ. తండ్రి, ఇది చదువుతున్న ఇన్నయ్య."

సాయంత్రం వచ్చి కాగితాల వంక కాకుండా నా మొహం వంక చూశాడు. కన్నీళ్ళు లేకపోయేసరికి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఓసారి చదివి చూసుకోనా?"

"ఎందుకండీ, ఆదివారం అందరిముందూ చదువుతారుగా" అన్నాను.