ఫిల్లర్ మేరమ్మ

మేరమ్మ సోమరిది. ఆమె సోమరితనం వల్లే భర్త జకరయ్యకు ఇల్లెందు బొగ్గుబాయిలో పని పోయింది. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. మేరమ్మ చనిపోయి ఏడాదైనా తీర్పు మారలేదు. కూతురు విక్టోరియా ఆ మాట వింటూనే పెరిగింది. ఇప్పుడు వింటూనే ముసలి తండ్రికి గంజి పోస్తోంది.

పందొమ్మిది వందల నలభై ఒకటిలో చర్చి పాదిరి ఒక పుస్తకం తెరిచాడు. పోయిన పెద్దల గురించి ప్రతి ఇంటివాళ్లూ నాలుగు వాక్యాలు రాసివ్వాలన్నాడు.

"మీ అమ్మ గురించి నాలుగా?" అన్నాడు భర్త సైలస్, బడి నుంచి తెచ్చిన కాపీ పుస్తకాల దొంతర ఆమె ముందు పెడుతూ. "తిన్నది, పండుకున్నది. రెండే అయితయి. జర ఇవి పొద్దుగూకేలోపు దిద్దు."

తప్పులు దిద్దేది ఆమె. కింద సంతకం పెట్టేది అతను. సైలస్ మాస్టారు శ్రద్ధగా దిద్దుతాడని బడిలో పేరు.

అమ్మ రేకుపెట్టెలో, చీరల అడుగున విక్టోరియాకు ఇంగ్లీషు రాతల అట్టముక్క ఒకటి దొరికింది. మిషన్ బడిలో నేర్చిన అక్షరాలతో కూడబలుక్కుంది. కట్టర్: జకరయ్య. ఫిల్లర్: భార్య. సీము: నాలుగడుగులు. చదవడం వచ్చింది గాని సంగతి తెలియలేదు. తండ్రిని అడిగితే "పాత చెత్త, పొయ్యిల పెట్టు" అన్నాడు. పొయ్యిలో పెట్టేదే అయితే అమ్మ ఇన్నేళ్లు ఎందుకు దాచింది?

ఎర్రసిరా అయిపోయిందని చెప్పి ఆబిడ్స్ వెళ్లింది. అక్కడ సిరాలు, పాళీలు అమ్మే బాలకిషన్ ఒకప్పుడు అదే బాయిలో హాజరు రాసిన గుమాస్తా. అట్టను కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"కట్టరంటే బొగ్గు కొట్టెటోడు బిడ్డా. ఫిల్లరంటే ఆ బొగ్గును పారతోని ఎత్తి టబ్బుల, అంటే పట్టాల మీద నడిచే తొట్లల్ల, నింపేటోళ్లు. గప్పుడు ఆలుమొగలు జోడిగ దిగేది. బిళ్ల మాత్రం ఒక్కటే, మొగోని పేరు మీద. నిండిన టబ్బుకు గా బిళ్ల తగిలిస్తే మొగోడే నింపినట్టు."

"మరి అమ్మ పేరు?"

"ఆడోళ్ల పేరు రాసే రివాజు లేకుండె. భార్య అని నేనే రాసిన." అతను తలెత్తలేదు.

"సీము అంటే?"

"బొగ్గు పొర. నాలుగడుగులంటే నిలబడరాదు. వంగి నడవాలె, వంగి ఎత్తాలె. ఆడోళ్లు దిగొద్దని హుకుం వచ్చినంక మీ నాయన ఒక్కడే నెల రోజులు గుంజిండు. టబ్బులు నిండలే. ఆయనే ఇడిచిపెట్టి పోయిండు."

తిరిగి వస్తుంటే విక్టోరియాకు అమ్మ నడకే కళ్ల ముందు కదిలింది. నడుం వంచి, తల దించి, ఏ ద్వారబంధానికో నెత్తి తగులుతుందేమో అన్నట్టు నడిచేది. దొంగనడక అనేవాడు నాయన. సైలస్ నవ్వేవాడు. వాళ్లను అనడమెందుకు? పెళ్లినాడు చర్చి వాకిట్లో "జర సక్కగ నిలబడమ్మా, నలుగురు చూస్తున్రు" అని కసిరింది తాను. అమ్మ గోడ పట్టుకుని నిలబడబోయింది. చేతకాలేదు. వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. ఆ రోజు ఫోటోలో అమ్మ లేదు.

ఇంట్లో సైలస్ చెయ్యి చాచాడు. "సిరా ఏది?"

"తేలే. మీ పుస్తకాలు మీరే దిద్దుకోండ్రి."

దొంతర తీసి అతని కుర్చీలో పెట్టింది. అతను ఇంకేదో అంటున్నాడు. ఆమె వినలేదు. పెన్సిలు తీసుకుని నాలుగు వాక్యాలు రాసి, తండ్రి మంచం దగ్గరికి వెళ్లి చదివింది.

"మేరమ్మ ఇల్లెందు బొగ్గుబాయిలో ఫిల్లర్. నిలబడరాని చోట టబ్బులు నింపింది. అవి జకరయ్య పేరు మీద పైకి వచ్చినయి. ఆమె బాయి దిగడం ఆగినంక జకరయ్య పని నెల రోజులే సాగింది." కాగితం మీంచి తలెత్తింది. "తప్పుంటే చెప్పు నాయనా. కొట్టేస్త."

జకరయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఈ ముచ్చట నా ముందట ఇంకెన్నడు తియ్యకు. నేను మాట్లాడ."

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ ముచ్చట మాట్లాడలేదు. తప్పు ఉందని కూడా అనలేదు.