బామ్మ చెప్పిన ఫిజిక్స్

ఆ బడిలో పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఆటాపాటా, నాటకం. పొద్దుటి పూటకీ పాకిన రిహార్సల్స్ పుణ్యమా అని, నాటకంలో బామ్మ వేషం వేసే పిల్లకి ఫిజిక్స్ క్లాసులు ఎగిరిపోయేవి. ఫిజిక్స్ సారు ఊరుకునే రకమా! రోజూ సాయంత్రం మేకప్ గదికే స్టూలు లాక్కొచ్చుకుని, ఆమెకి తెల్లజుట్టు విగ్గు పెడుతున్నంతసేపూ పాఠం వల్లె వేయించేవారు.

"తల మీద జుట్టుంటే చాలదమ్మా, లోపల కూడా ఏదైనా ఉండాలి" అని దెప్పేవారు. ఆమె పళ్లు నూరుకునేది.

నాటకం రోజు రానే వచ్చింది. బామ్మ వేషంలో ఉన్న ఆమె, మంచం దిగని మనవణ్ణి నిద్రలేపాలి. తీరా నోరు తెరిస్తే మాట గుర్తు లేదు! నెత్తిన విగ్గు పెడుతుంటే రోజూ వల్లించిన పాఠమే నోటికొచ్చింది.

"బయటి బలం పనిచేయనంత వరకూ, కదలని వస్తువు కదలకుండానే ఉంటుందిరా!" అంటూ కర్ర ఎత్తింది.

మనవడు నిజంగానే హడలిపోయి మంచం దూకాడు. హాలంతా పగలబడి నవ్వింది.

తెర పడగానే ఆమె విగ్గుతోనే పక్కకి పరిగెత్తింది. తెర చాటున, అదే స్టూలు మీద సారు.

"మీ పాఠమే నా పరువు కాపాడింది సార్! రేపటి ప్రదర్శనకి మీరు ముందు వరసలో కూర్చోవాలి."

"అక్కడ కూర్చుంటే నీకు మాట అందించేదెవరు? ఇవాళ నేను నోరు తెరిచేలోపే తొందరపడ్డావు."

ఆయన చేతిలో నాటకం కాగితాలున్నాయి. బామ్మ మాటలన్నిటి కిందా ఎర్రసిరా గీతలు.