పెద్దమ్మ గుడ్డలో చుట్టిపెట్టిన బ్రష్షు

పెద్దమ్మ పోయాక ఆవిడ మేకప్ పెట్టె పిట్టకు వచ్చింది. సన్నగా ఉంటుందని ఇంట్లోవాళ్ళు పెట్టిన ఆ ముద్దుపేరే పిట్టకు పార్లర్‌లోనూ స్థిరపడిపోయింది. ఆమెకు పని నేర్పింది పెద్దమ్మే. పెట్టెలో అన్నిటికీ అడుగున, తెల్లగుడ్డలో చుట్టి, బుగ్గలకు రంగు అద్దే బ్రష్షు ఒకటుంది. చేతి మీద రాసుకుంటే ఎవరిదో ఊపిరి తగిలినట్టు అనిపించింది.

వాడేముందు పిట్ట దాన్ని శ్రద్ధగా కడిగింది. గోరువెచ్చని నీళ్ళలో షాంపూ చుక్క వేసి, వెంట్రుకలు కిందికే ఉండేలా పట్టుకుని, అరచేతిలో గుండ్రంగా తిప్పింది. నీళ్ళు పైకెక్కితే లోపలి జిగురు వదిలి వెంట్రుకలు ఊడిపోతాయి. ఎంత కడిగినా లేత గులాబీ రంగు దిగుతూనే ఉంది. పాతది కదా అనుకుని, తువ్వాలుతో అద్ది బల్ల అంచున ఆరబెట్టింది.

మర్నాడు ఫొటో దిగడానికి తయారవుదామని ఓ టీచరమ్మ వచ్చింది. బ్రష్షు బుగ్గకు తగలగానే, కళ్ళు మూసుకునే, "అమ్మ వచ్చిందా?" అంది.

"ఎవరమ్మండీ?"

టీచరమ్మ కళ్ళు తెరిచింది. "నేనేమీ అనలేదే!"

ఆ తర్వాత నాటకాలు వేసే ఆవిడ వచ్చింది. నోటికి తాళం పడని మనిషి. తోడికోడలిని దుమ్మెత్తిపోస్తూ మాట మధ్యలో ఆగింది. సన్నటి గొంతుతో, "అమ్మ వచ్చిందా?" అని, తోడికోడలి కథ ఆగినచోటి నుంచే అందుకుంది.

సంగతి చెబితే మొగుడు పకపకా నవ్వాడు. "వాళ్ళు నిన్ను ఆటపట్టిస్తున్నారే."

"అయితే బుగ్గ ఇటు పెట్టు."

నవ్వుతూనే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. బ్రష్షు తగలగానే ఆ నవ్వు ఎటో పోయింది. "అమ్మ వచ్చిందా?" అన్నాడు. అది ఆడపిల్ల గొంతు. మరుక్షణం బుగ్గ గోక్కుంటూ, "అయిపోయిందా? చక్కిలిగిలి పెడుతోందే," అన్నాడు.

పిట్ట బ్రష్షు తీసుకుని నేరుగా పుట్టింటికి వెళ్ళింది. బట్టలు మడత పెడుతున్న అమ్మ దాన్ని చూడగానే చేతిలోని చీర పక్కన పెట్టేసింది.

"అది అక్క దాచిందే. చనిపోయినవాళ్ళ ముఖాలు దిద్దడానికి కూడా అక్కను పిలిచేవారు కదా? ఓ చిన్నపిల్ల ఆస్పత్రిలో పోయింది. తల్లేమో ఉద్యోగం మీద వేరే దేశంలో ఉంది. చివరిదాకా అమ్మ వచ్చిందా అనే అడిగిందట. తుఫానుకు విమానాలు ఆగిపోయాయి. తల్లి వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క ఆ పిల్ల బుగ్గలకు రంగు అద్దింది దీంతోనే."

"పారేయొచ్చుగా?"

"చేతులు రాలేదంది."

ఆ తల్లి ఉండేది పోస్టాఫీసు వెనక అపార్టుమెంట్లలో అని అమ్మే చెప్పింది. ఆ మధ్యాహ్నమే పిట్ట వెళ్ళి తలుపు తట్టింది. తను విన్నదేమీ చెప్పలేదు. "మీ పాప కోసం మా పెద్దమ్మ వాడిన బ్రష్షండీ. మీ దగ్గరుండాలనిపించింది," అంది.

ఆవిడ లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టి, దాన్ని రెండు చేతులతో అందుకుంది. కాసేపు చూసి, కళ్ళు మూసుకుని, బుగ్గకు ఆనించుకుంది.

"అమ్మ వచ్చిందా?"

పిట్ట సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవే పెదవులు, ఈసారి ఆవిడ సొంత గొంతుతో కదిలాయి. "వచ్చాను తల్లీ. ఆలస్యమైపోయింది."

"నా ముఖం బాగుందా?"

"బంగారంలా ఉందమ్మా."

ఆవిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. పిట్ట చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా తలుపు లాగి బయటపడింది. మెట్లు దిగుతుంటే లోపల నుంచి రెండు గొంతులూ వినిపిస్తూనే ఉన్నాయి. ఒకటి నవ్వింది.

పార్లర్‌కు పిట్ట కొత్త బ్రష్షు కొనుక్కుంది. దాంతో అద్దినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. భయం కొంచెం కొంచెంగా తగ్గింది.

వానలు మొదలయ్యాక ఓ రోజు ఆ తల్లి కూరల దుకాణం దగ్గర ఎదురుపడింది. మనిషి ఒళ్ళు చేసింది. రెండు బుగ్గల మీదా లేత గులాబీ రంగు.

"బాగున్నారా అండీ?" అంది పిట్ట. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బ్రష్షు అప్పుడప్పుడూ కడుగుతున్నారా? లేకపోతే పాడైపోతుంది," అంది.

ఆవిడ చేతిసంచిని గుండెలకు హత్తుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు దగ్గరికి వంగింది.

"లేదమ్మా. నీళ్ళు పోస్తే దానికి చలి."